పాముకు ఊపిరి గొట్టం

వెంకటేశ్వరరావుకు ఒక జబ్బు ఉండేది. ఏ ఇంటికైనా రెండోసారి వెళ్లాడంటే వాస్తు చెప్పకుండా బయటికి రాలేడు. మంచం ఇక్కడ ఉండకూడదంటాడు, తలుపు కింద సందు ఉండాలంటాడు, గోడకు కన్నం పెట్టమంటాడు. పంచాంగం చంకన పెట్టుకుని తిరిగేవాడు ఈ మాటలంటే పొట్టకూటి విద్య అని సరిపెట్టుకుంటాం. ఈయన డాక్టరేటు పుచ్చుకున్న మనిషి. రసాయనాలతో పాడైన నేలను ఎలా పరీక్షించాలో, ఎలా బాగుచేయాలో విదేశంలో ఎనిమిది నెలలు నేర్చుకుని వచ్చిన నిపుణుడు. అంత చదువూ చదివి చివరికి ఈశాన్యం దగ్గర తేలాడు. ఆయనతో నేను పదకొండు నెలలు తిరిగాను. అందులో పది నెలలు ఆయన్ను చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

నా పేరు కిష్టప్ప. పోతిరెడ్డిపల్లిలో సొంత ఇల్లు, పటాన్‌చెరు పక్కన హైస్కూల్లో సైన్సు మాస్టరు ఉద్యోగం. మూఢనమ్మకాలంటే నాకు పడదు. పదేళ్లుగా సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి, ఖాళీ చేతిలోంచి విభూతి తీసి చూపించి దాని కిటుకు చెప్పేవాణ్ని, నిప్పుల మీద నడిచేవాణ్ని, ఎవరి ఒంటి మీదికైనా దేవత వచ్చిందంటే వెళ్లి ఆ దేవతను ఎక్కాలు అడిగేవాణ్ని. ఒక దేవత పదమూడో ఎక్కం సగంలో దిగిపోయింది. కిష్టప్ప సారు కళ్లతో చూడనిదే ఏదీ నమ్మడని చుట్టుపక్కల పల్లెల్లో పేరు. అలాంటి నన్ను తీసుకుపోయి ఈయన పక్కన కట్టేశారు.

అది తొంభై ఎనిమిది. పాశమైలారం అంచున డ్రమ్ముల గల్లీ అని ఒకటి ఉండేది, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ ప్రహరీకి ఆనుకుని పద్నాలుగు ఇళ్లు. ఇనుప సామాను జిడ్డు వదలగొట్టే ద్రావకాన్ని ఆ ఫ్యాక్టరీలో డ్రమ్ముల్లో నింపేవారు. కారిపోయిన డ్రమ్ములను పెరట్లో గుంట తీసి పూడ్చేసి యజమాని ఎటో వెళ్లిపోయాడు. ఆ ద్రావకం భూమిలోకి దిగి, ఆవిరై, మట్టి సందుల్లోంచి పైకి పాకి, గచ్చు పగుళ్లలోంచి గదుల్లోకి వస్తోందని అనుమానం. అది ముక్కుకు తెలియదు. పాశమైలారంలో కాపురం ఉన్నవాళ్ల ముక్కుకు అసలే తెలియదు, బయటి గాలిలో ఉన్న కంపుతోనే దానికి తీరిక లేదు. ఎవరో అర్జీ పెట్టారు, కమిటీ వేశారు, కమిటీ వెంకటేశ్వరరావును పంపింది. కొత్తవాళ్లను గల్లీవాళ్లు ఇంట్లోకి రానివ్వరు కాబట్టి తోడుగా నన్ను పొమ్మన్నారు.

కమిటీని నేను ఒక్కసారే చూశాను. పెద్ద హోటల్లో జీడిపప్పు పళ్లేల చుట్టూ కూర్చుని ఉంది. ప్రజలు భయపడకూడదట. అందుకని తుది నివేదిక వచ్చేదాకా ఏ ఇంట్లో ఆవిరి ఎంత ఉందో ఆ ఇంటివాళ్లతో సహా ఎవరికీ చెప్పకూడదని మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుంది. నా సంతకం ఎందుకో నాకు అర్థం కాలేదు, నాకు అంకెలు చూపించేవారే కాదు. నేను టేపు రెండో కొస పట్టుకునేవాణ్ని.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన అచ్చంగా శాస్త్రవేత్తే. గచ్చుకు వేలు పట్టేంత కన్నం డ్రిల్లుతో వేసి, సన్నటి గొట్టం దింపి, చుట్టూ మైనం మెత్తి, గొట్టం రెండో కొసను లోపలి గాలంతా తీసేసిన స్టీలు బుడ్డికి తగిలించేవాడు. గచ్చు కింది గాలి మెల్లగా బుడ్డిలోకి చేరేది. గల్లీ ఆడవాళ్లు చుట్టూ కూర్చుని చూసి దానికి నేల రక్తపరీక్ష అని పేరు పెట్టారు. పెద్దరాములు అనే ముసలాయన తన ఇంటి నేలకు షుగరు ఉందేమో కూడా చూడమన్నాడు. వెంకటేశ్వరరావు నవ్వకుండా, చూస్తానని చెప్పాడు. బుడ్లు హైదరాబాదు ల్యాబుకు వెళ్లేవి. పది రోజులకు సీలు వేసిన కవరు వచ్చేది. ఆయన ఒక్కడే విప్పి చదువుకుని కమిటీకి పంపేవాడు. ఆ మర్నాడు రెండోసారి బయల్దేరేవాడు, అక్కడి నుంచి నాకు నరకం.

పెద్దరాములు ఇంటికే రెండోసారి మొదట వెళ్లాం. ఆయన గది మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని, ఒక చుట్టు తిరిగాడు. మూలనున్న మంచం యముడి దారిలో ఉందనీ, వెంటనే ముందు అరుగు మీదికి మార్చాలనీ అన్నాడు. తర్వాత పెరటి తలుపు చూశాడు. దాన్ని కింద రెండు వేళ్ల మందం చిత్రిక పట్టించాలట. ఎందుకని నేనే అడిగాను.

"దరిద్రం నిలబడి నడవదండీ మాస్టారూ, నేల మీద పాక్కుంటూ పోతుంది. దానికి దారి వదలాలి," అన్నాడు.

పెద్దరాములు తల ఊపాడు. "నిజమే సారు. మా ఇంట్ల అది ఏండ్ల సంది పండుకునే ఉన్నది," అన్నాడు. సాయంత్రానికల్లా వడ్రంగి వచ్చాడు.

నేను స్కూటరు మీద దారి పొడుగునా దులిపేశాను. నెలనెలా జీతం తీసుకుని, సైన్సు పేరుతో ఇళ్లలో దూరి, ఉన్న మూఢత్వానికి ఇంకో నాలుగు మూటలు చేర్చిపోతావా అని అడిగాను. పోనీ ఆ వాస్తు అయినా సరిగ్గా వచ్చా అంటే అదీ లేదు. ఒక ఇంట్లో ఈశాన్యంలో పడుకుంటే ఆయుష్షు అన్నాడు, పక్కింట్లో ఈశాన్యంలో పడుకుంటే గండం అన్నాడు. దీనికేమంటారని నిలదీస్తే, ఇంటిని బట్టి ఉంటుందండీ అన్నాడు. ఏం అడిగినా అదే జవాబు. ఒక మబ్బు రోజున, ఈశాన్యం ఎటో చూపించండి అన్నాను. మందుల కంపెనీ పొగగొట్టం వైపు వేలు చూపించాడు. అది నైరుతి. దొంగ సిద్ధాంతులను చాలామందిని చూశాను గాని, దిక్కులు తెలియని దొంగ సిద్ధాంతిని అప్పుడే చూశాను.

ఎనిమిదో ఇల్లు లీలమ్మది. ఆమె చర్చికి వెళ్లే మనిషి, వాస్తు లాంటివి తాము పాటించమని మర్యాదగా చెప్పింది. ఇక్కడ దొరికాడనుకుని నేను గోడకు ఆనుకుని తమాషా చూడబోయాను. వెంకటేశ్వరరావు రెప్ప కొట్టలేదు. మీరు పాటలు బాగా పాడతారని గల్లీ అంతా చెప్పుకుంటున్నారమ్మా అన్నాడు. గల్లీలో ఎవరూ అలాంటి మాట అని ఉండరు. ఆ గొంతు నాలుగు గోడల మధ్య ఉండిపోవడం అన్యాయమనీ, పొద్దునా సాయంత్రం కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి గంటసేపు పాడితే నలుగురికీ మేలనీ నచ్చజెప్పాడు. లీలమ్మ నెమ్మదస్తురాలు, గొంతు మాత్రం నెమ్మదిది కాదు. ఆ మర్నాటి నుంచి ఎదురింటి మేక పొద్దున్నే తాడు తెంపుకుని పాశమైలారం రోడ్డు దాకా పోయేది. మేకను పట్టుకొచ్చేవాళ్లు రోజూ వెంకటేశ్వరరావును తిట్టుకునేవారు, నేను పక్కనే ఉండి సంతోషించేవాణ్ని.

ఒక ఆదివారం ఆయన్ను మా ఇంటికి భోజనానికి పిలిచాను. ప్రేమతో కాదు, మా ఇంట్లో వాస్తు మొదలుపెడితే మా ఆవిడ ముందే కడిగేద్దామని. ఆయన మూసిన కిటికీల మధ్య, ఫ్యాను కింద కూర్చుని, మూడుసార్లు పప్పు వేయించుకుని, పెరుగన్నం తిని లేచాడు. వాస్తు ఊసే లేదు. మా ఆవిడ సోమమ్మకు ఉండబట్టలేక, మా ఇంటికి ఏమన్న దోషం ఉన్నదా అన్నా అని అడిగింది. ఏమీ లేదమ్మా, హాయిగా ఉండండి అన్నాడు. నాకు భయపడ్డాడని నేను అర్థం చేసుకున్నాను. ఊరందరికీ చెప్పి తనకు చెప్పలేదని సోమమ్మ మాత్రం చిన్నబుచ్చుకుంది.

ఇక బీరమ్మ ఇల్లు. గల్లీలో చివరిది, ప్రహరీకి వీపు ఆనించి ఉండేది. బీరమ్మ కొడుకు నర్సింహులు బల్బుల కంపెనీలో ప్యాకింగు పని చేసేవాడు. కోడలు నాగరత్నానికి ఎనిమిదో నెల. అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి. రెండో బిడ్డ పుట్టిన పదకొండో రోజున ఈ ఇంట్లోనే పోయింది. అందుకని బీరమ్మ ఈసారి తన ప్రాణమంతా పెట్టి పురిటి గది సిద్ధం చేసింది. అది వెనక గది, ప్రహరీ పక్కనే ఉండేది. కిటికీ లేదు. బాలింతకు గాలి సోకకూడదని గోడల సందుల్లో గోనెపట్టలు కుక్కింది, చూరు కింద బొంత అడ్డం కట్టింది, తలుపుకు లోపలి వైపు ఇంకో దుప్పటి వేలాడదీసింది. చీమ దూరినా దానికి ఊపిరాడేది కాదు. ఈ గదిలో తల్లీబిడ్డా నలభై రోజులు ఉండాలి.

మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గది గచ్చులో వెంట్రుక వాసి పగులు ఒకటి అడ్డంగా పోయి ఉంది. వెంకటేశ్వరరావు దాని ముందు గొంతు కూర్చుని చాలాసేపు చూశాడు. పది రోజులకు కవరు వచ్చింది. ఈసారి ఆయన మర్నాటి దాకా ఆగలేదు, కవరు చదివిన గంటలో నన్ను బడిలోంచి లేపుకుపోయాడు.

బీరమ్మ ఇంట్లో ఆయన చెప్పిన వాస్తు అంతకు ముందు చెప్పినవాటన్నిటినీ మించిపోయింది. ఆ గది కింద నాగదేవత ఉందట. పైన గచ్చు వేసి మూసేయడంతో దానికి ఊపిరి ఆడటం లేదట. గది నైరుతి మూల గచ్చు పగలగొట్టి గొట్టం దింపి, దాన్ని కప్పు దాటి పైకి లేపాలట, అప్పుడు అమ్మవారు హాయిగా గాలి పీల్చుకుంటుందట. బిడ్డను మాత్రం ఆ గదిలో ఉంచకూడదు, ముందు గదిలో కిటికీ పక్కన ఉంచాలి. బాలింతకు చలి పుడితే రెండు రగ్గులు కప్పండి గాని కిటికీ మూయొద్దన్నాడు. రెండు కాన్పులు పోగొట్టుకున్న మనిషికి పాము పేరు చెబితే కాదంటుందా? బీరమ్మ చేతులు జోడించింది.

పాముకు పొగగొట్టం పెట్టే మనిషిని నేను ప్రపంచంలో ఇంకెక్కడా చూడలేదు. పైగా గొట్టం ఆయనే తెచ్చాడు. పన్నెండడుగుల ప్లాస్టిక్కు గొట్టాన్ని బీరంగూడ నుంచి స్కూటరుకు అడ్డంగా కట్టుకుని వచ్చాడు, దారిలో రెండు ఆటోలు పక్కకు దిగిపోయాయి. ఆయనే గచ్చు తవ్వాడు, ఆయనే గొట్టం చుట్టూ సిమెంటు మెత్తాడు, ఆయనే కప్పు ఎక్కాడు. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకుని నా బతుకును తిట్టుకున్నాను. బీరమ్మ గొట్టానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. రెండో రోజు ఎవరో కప్పు ఎక్కి గొట్టంలో పాలు పోశారు. వెంకటేశ్వరరావు హడలిపోయి పరుగెత్తుకొచ్చి, ఈ పాము ఉపవాసంలో ఉంది, దీనికి గాలి తప్ప ఏమీ పెట్టకూడదని చెప్పి, గొట్టం కొసకు వంకర మూతి బిగించి పోయాడు.

అప్పుడు నాకు ఓపిక నశించింది. ఆయన్ను నలుగురిలో నిలబెట్టాలని నిర్ణయించుకున్నాను. అయితే సైన్సు చెబితే గల్లీవాళ్లు వినరు, పదేళ్లుగా చెబుతూనే ఉన్నాను. అందుకని నా జన్మలో చేయని పని ఒకటి చేశాను. నరసరాజు అనే అసలు సిద్ధాంతిని పిలుచుకొచ్చాను. ముల్లును ముల్లుతోనే తీయాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నాగరత్నం శుక్రవారం సంగారెడ్డి ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది, సోమవారం ఇంటికి రావాలి. మేము ఆదివారం పొద్దున వెళ్లాం.

నరసరాజు గదిలోకి అడుగు పెట్టి గొట్టం చూసి చెవులు మూసుకున్నాడు. నైరుతిలో కన్నం పెట్టమన్న మహానుభావుడు ఎవరని అడిగాడు. నైరుతి మూల బరువుగా, మూసి ఉండాలనీ, అక్కడ కన్నం పెడితే వంశం నిలవదనీ చెప్పాడు. బీరమ్మ నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని, పాము లేదు ఏమీ లేదు, ఆ సారుకు దిక్కులే తెలియవని సాక్ష్యం చెప్పాను. మధ్యాహ్నానికి గొట్టం పీకేశారు, కన్నంలో సిమెంటు నింపారు. పురుడు పాత పద్ధతిలో వెనక గదిలోనే అని తేలిపోయింది. గోనెపట్టలు మళ్లీ వాటి చోటికి వెళ్లాయి. నేను ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సోమవారం బడి వదలగానే ఈ శుభవార్త స్వయంగా చెప్పాలని బీరంగూడలో ఆయన కిరాయికి ఉన్న గదికి వెళ్లాను. ఆయన గుమ్మంలో కూర్చుని రంపంతో ఇంకో గొట్టం కోస్తున్నాడు. నేను తాపీగా, ఒక్కొక్క ముక్కే రుచి చూస్తూ, జరిగినదంతా చెప్పాను. పురుడు వెనక గదిలోనే అన్న మాట దగ్గర రంపం ఆగిపోయింది.

"పిల్ల ఇంటికి వచ్చేసిందా?" అని అడిగాడు.

పొద్దున పదింటికే వచ్చిందన్నాను. ఆయన లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కమిటీకి పంపిన దాని నకలు. బీరమ్మ ఇల్లు, వెనక గది, గచ్చు కింద. పక్కన అంకె. హద్దు ఇంత అని ఇంకో అంకె. నేను సైన్సు మాస్టర్ని, రెండు అంకెలు పక్కపక్కన ఉంటే ఏది ఎన్ని రెట్లో చెప్పగలను. నలభై రెట్లు. తర్వాతి కాగితాల్లో పెద్దరాములు ఇంటి మంచం మూల ఉంది, లీలమ్మ ఇల్లు ఉంది, ఆయన వాస్తు చెప్పిన ప్రతి మూలా ఉంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుందని కింద రాసి ఉంది.

"మరి చెప్పచ్చు గద రావు గారు," అన్నాను. "కమిటీని మంట్ల కలవనీయండి. ఉన్నదున్నట్టు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను తీసేస్తారు. ఇంకొకణ్ని వేస్తారు, అతను నేలకు కన్నం కూడా పెట్టడు," అన్నాడు. "అదీ కాదు మాస్టారూ. వేరే ఊళ్లో ఒకసారి ఉన్నదున్నట్టు చెప్పి చూశాను."

చూసి ఏమైందో అడిగే తీరిక నాకు లేదు. మీరు చెప్పకపోతే నేను చెబుతాను అన్నాను. ఆయన నా మొహం చూసి, సరే చెప్పండి అని స్కూటరు తీశాడు. దారిలో నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బీరమ్మ ఇంట్లో వెనక గది దుప్పటి తొలగించి చూశాను. కుంపటి వెలుగులో నాగరత్నం గోడకు ఒరిగి కూర్చుని ఉంది. బిడ్డ ఆమె పక్కన కింద పరిచిన బొంత మీద, ఆ పగులుకు జానెడు దూరంలో, మూడు రోజుల ప్రాణి, పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. పదకొండు రోజులు బతికిన ఆ ముందటి బిడ్డ కూడా ఈ గదిలోనే పడుకుని ఉంటుందని అప్పుడు తోచింది.

"బీరమ్మా, జెర మంచిగ విను," అన్నాను. "వాస్తు గీస్తు కాదు, నిజం చెప్తున్న. ఈ ఇంట్లకు గ్యాసు వస్తున్నది. బిడ్డకు పడదు."

"గ్యాసా?" అంటూ బీరమ్మ దిగ్గున లేచింది. మా వెనక తలుపు వేసేసింది. "నర్సింహులూ, ముంగటి కిటికీ కూడ ముయ్యి. చూరు కింద ఇంకో బొంత కుక్కు. కంపెనోళ్లు మల్ల ఇడిసినట్టున్నరు."

"బయట నుంచి కాదు బీరమ్మా, భూమిల నుంచి."

"భూమిల నుంచి గ్యాసు ఎందుకొస్తది సారు. ఇరవై ఏండ్ల సంది సూస్తున్న, గ్యాసు గాలిల వస్తది. వచ్చినప్పుడల్లా తలుపులేసుకునే బతుకుతున్నం," అంది.

ఆమె తప్పు లేదు. ఆ ప్రాంతంలో ఎవరిని అడిగినా గ్యాసు అంటే చిమ్నీలోంచి వచ్చేదే, వస్తే తలుపులు మూసుకోవాలి. నా గొంతు కొంచెం పెద్దది, తరగతిలో అలవాటైన గొంతు. గ్యాసు అన్న మాట గోడ దాటింది. గల్లీ పొడుగునా తలుపులు మూసిన చప్పుడు వినిపించింది, ఒకటి, రెండు, మూడు, చివరిదాకా. పెద్దరాములు పెరటి తలుపు కింద సందులో గోనెసంచి దోపుతున్నాడని నర్సింహులు చూసి వచ్చి చెప్పాడు. లీలమ్మ పాట సగంలో ఆగిపోయింది. వెంకటేశ్వరరావు పది నెలలు ఇల్లిల్లూ తిరిగి, దిక్కులు తెలియకపోయినా దేవుళ్లందరినీ వాడుకుని తెరిపించిన కిటికీలన్నీ నా ఒక్క నిజంతో ఐదు నిమిషాల్లో మూసుకుపోయాయి. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, వేరే ఊళ్లో ఏమైందో మాత్రం ఉంది.

ఏ విద్యా లేని మొద్దును కూడా నేను అంతగా అసహ్యించుకోలేదు, ఆ క్షణంలో నన్ను నేను అసహ్యించుకున్నంతగా. దుప్పటి వెనక బిడ్డ తుమ్మింది.

"బీరమ్మా, గ్యాసు ముచ్చట ఇడిసిపెట్టు," అన్నాను. "అసలు సంగతి వేరే ఉన్నది. సిగ్గయి చెప్పలేకపోయిన."

"ఏంది సారు?"

"నిన్న మీరు గొట్టం పీకినంక నేను ఇంటికి పోయిన గద. మా గడప మీద పాము ఉన్నది. ఇంత పడగ. కాటెయ్యలే, బుస కొట్టలే. నోరు తెరిచి, ఊపిరాడక దమ్ము తీసుకుంట నా దిక్కే సూసింది."

బీరమ్మ నా మొహంలోకి చూసింది. పదేళ్ల కిందట ఆమె ఒంటి మీదికి వచ్చిన దేవతనే నేను ఎక్కాలు అడిగింది. "మీరు సూసిన్రా సారు?" అని మెల్లగా అడిగింది.

"నా కండ్లతోని సూసిన," అన్నాను.

ఆమె వెళ్లి బిడ్డను ఎత్తుకుని ముందు గదిలోకి వచ్చి, తన చేతులతోనే కిటికీ తెరిచింది. నర్సింహులు గడ్డపార తెచ్చి సిమెంటు పగలగొట్టాడు. కిష్టప్ప సారుకే కనబడిందట అన్న మాట గ్యాసు మాటకంటే జోరుగా గల్లీలో పాకింది. చీకటి పడకముందే తలుపులన్నీ మళ్లీ తెరుచుకున్నాయి, పద్నాలుగు ఇళ్లవాళ్లూ తమకూ గొట్టం కావాలని వెంకటేశ్వరరావు స్కూటరు చుట్టూ మూగారు. నరసరాజుకు కబురు వెళితే ఆయన పుస్తకం మళ్లీ తిరగేసి, పాముకైతే నైరుతి పనికొస్తుందని చెప్పి పంపాడు.

తిరిగి వెళ్లేటప్పుడు వెంకటేశ్వరరావు ఇస్నాపూర్ దాకా ఆపుకుని, అక్కడ స్కూటరు పక్కకు ఆపి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "పాము దమ్ము తీసిందా మాస్టారూ?" అన్నాడు. "నేను పది నెలలు అబద్ధాలు ఆడాను గాని, పాముకు ఉబ్బసం అంటించలేకపోయాను." నేను నవ్వలేదు. పదేళ్లు ఎండలో తిరిగి, కాళ్లు కాల్చుకుని సంపాదించిన పేరంతా ఒక్క అబద్ధానికి ఖర్చు పెట్టి వచ్చాను. దానికి అంతకంటే మంచి ఖర్చు దొరికేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

కమిటీ నివేదిక బయటికి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. వెనక గదుల్లో ఎవరూ పడుకోకపోతే మంచిదని అందులో రాశారట. అప్పటికి డ్రమ్ముల గల్లీలో వెనక గదుల్లో పిడకలు తప్ప ఏవీ పడుకోవడం లేదు.

నా తిప్పలు మాత్రం వెంటనే మొదలయ్యాయి. వారం తిరక్కుండా గల్లీ ఆడవాళ్లు గుడ్లూ పాలూ పట్టుకుని పోతిరెడ్డిపల్లి వచ్చారు, ఆ పాము కనబడ్డ గడప చూడటానికి. ఏ పాము అని సోమమ్మ అడిగింది. మీ ఇంట్ల గొట్టం ఏది సారు అని బీరమ్మ అడిగింది. రెండో ప్రశ్నే ప్రమాదం. పాము స్వయంగా వచ్చి అడిగినా సారు గొట్టం పెట్టలేదంటే, మనకెందుకని పద్నాలుగు గొట్టాలూ మళ్లీ ఊడతాయి. వెంకటేశ్వరరావుకు కబురు పెట్టాను. ఆయన అడ్డంగా గొట్టం కట్టుకుని వచ్చి, ఏ ఆవిరీ లేని మా ఇంటి గచ్చు పగలగొట్టి, ఏ పామూ లేని కన్నంలో గొట్టం దింపి, కప్పు దాకా లేపాడు. పదేళ్లు నాతో ఊరూరా తిరిగిన మా సైన్సు సంఘంవాళ్లు వచ్చి చూసి, నా పేరు కొట్టేశామని చెప్పి పోయారు.

బీరమ్మ గొట్టానికి పసుపు రాసింది. నాగరత్నం వెనక నుంచి బిడ్డను ముందుకు తెచ్చి దాని ముందు పట్టుకుంది. అప్పటికి ఆ పిల్లకు పన్నెండో రోజు. ఆ సంగతి అక్కడ ఎవరూ అనలేదు గాని అందరికీ తెలుసు. పిల్ల ఒక్కసారి ఒళ్లు విరిచి, నోరంతా తెరిచి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

దండం పెట్టు సారు అంది బీరమ్మ. పెట్టాను. గొట్టానికి అవతల, చేతులకు సిమెంటుతో, వెంకటేశ్వరరావు నిలబడి ఉన్నాడు కాబట్టి నాకేమీ కష్టం అనిపించలేదు.